ఇంటికి పంపిన రాయి

ఓబులేసుకు వజ్రం కావాలి. వజ్రం అమ్మే శెట్టి మీద మాత్రం నమ్మకం కుదరడం లేదు.

నిశ్చితార్థానికి ఉంగరం ఎలాగూ తప్పదు. ఉత్త బంగారు ఉంగరమైతే ఏదో ఒక అంగడికి పోయి తెచ్చేసుకునేవాడే. కానీ పిల్లను చూడబోయిన రోజున నాగవేణి ఒక్కసారి కళ్లెత్తి చూసేసరికి వాడి నోరు ఊరుకోలేదు. "మాది వజ్రాల నేల. నీ వేలికి వజ్రమే పెడతా" అనేశాడు. ఆ పిల్ల నవ్వింది. ఇక వెనక్కి పోవడమెలా?

వాడన్నది అబద్ధం కాదు. ఓబులేసు సొంతూరు రాళ్లదొడ్డి. తొలకరి వాన పడితే చాలు, ఆ ఊరి చేలల్లో ముసలీ ముతకా అందరూ నడుం వంచి నేలను వెతుక్కుంటూ నడుస్తారు. ఎర్రమట్టిలో తళుక్కుమన్నదాన్నల్లా కొంగుతో తుడిచి ఎండకు పెట్టి చూస్తారు. దొరికేవి చాలావరకు పలుగురాళ్లూ గాజుపెంకులే. అయినా ఆ ఊరివాళ్ల మిడిసిపాటు తగ్గదు. తగ్గడమెందుకు? మా కాళ్ల కింద వజ్రాలున్నాయని చెప్పుకునే భాగ్యం ఎన్ని ఊళ్లకుంది?

ఓబులేసు జేజినాయనకు, అంటే వాళ్ల నాయనను కన్నాయనకు, ఒకసారి నిజంగానే దొరికింది. శనగ్గింజంత రాయి. ఎక్కడినుంచో వచ్చిన వ్యాపారి దాన్ని అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచి, జాలిపడ్డట్టు ముఖం పెట్టి, ఒక కాడి ఎద్దులు ఇప్పించి పట్టుకుపోయాడు. అది ఎంత చేసే రాయో తర్వాత తెలిసింది. ఎద్దులు ముసలివై చచ్చిపోయాయి గాని, జేజినాయన కడుపుమంట మాత్రం చల్లారలేదు. "మనిషి మొహం చూడొద్దురా, రాయి మొహం చూడు" అని పోయేదాకా అదే మాట. ఇంట్లో పిల్లలందరికీ ఉగ్గుపాలతోపాటు అదీ పోశారు.

ఓబులేసు ఇప్పుడుండేది గుత్తిలో. కోట కింది వీధిలో మోటార్లకు తీగ చుట్టే కొట్టు పెట్టుకున్నాడు. కాలిపోయిన మోటారును చెవి దగ్గర పెట్టి చేత్తో తిప్పి, ఎక్కడ తెగిందో చెప్పేస్తాడు. తనను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదని వాడి నమ్మకం. ఆ మాట వాడే చెబుతుంటాడు కాబట్టి అందరికీ తెలుసు.

సాయంత్రమయ్యేసరికి కొట్టు మూసి, గ్లాసెడు పాలు కాచుకుని జమాలయ్య తాత దగ్గరికి పోతాడు. తాత ఒకప్పుడు దూది ఏకేవాడు. ఇప్పుడు పాత దర్గా పక్కన రేకుల పంచలో ఉంటాడు, బుద్ధి పుడితే తత్వాలు పాడతాడు, లేకపోతే ఊరికే కూర్చుంటాడు. కులమూ మతమూ అడగకుండా పదిమంది వచ్చి ఆ పంచలో కూర్చుని పోతుంటారు. వాళ్లలో తాత చేతికి పాలగ్లాసు అందించేది తానేనని ఓబులేసుకు లోలోపల కొంచెం గర్వం. తాత ఆ గ్లాసు అందుకుని, మాటల్లో మాటగా తాగేసి, గ్లాసు పక్కన పెట్టేస్తాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అందులో ఏముందో తొంగి చూసింది లేదు.

బజారులో రంగయ్య శెట్టిది నిలకడైన పేరు. తెల్ల చొక్కా, నుదుట చిన్న కుంకుమబొట్టు, గొంతు పైకి లేవదు. మొదటిసారి పోయినప్పుడు శెట్టి రాయిని తెల్లకాగితం మీద పెట్టి, పక్కనే భూతద్దం పెట్టాడు.

"అద్దంలో చూడు నాయనా."

"మాది రాళ్లదొడ్డి, శెట్టీ. నాకు అద్దమెందుకు?" అన్నాడు ఓబులేసు.

శెట్టి ఏదో చెప్పబోయి ఆగాడు. అద్దం మళ్లీ గూట్లో పెట్టుకున్నాడు.

ఆ బజారులో పాత ఆనవాయితీ ఒకటుంది. రాయి కొనేవాడు తెలిసినవాడైతే, సొమ్ము తీసుకోకుండా పొట్లం కట్టి ఇంటికి పంపుతారు. ఇంట్లో ఆడవాళ్లూ పెద్దవాళ్లూ చూసుకోవాలి, రాయి కూడా ఆ ఇంట్లో ఒక రాత్రి నిద్ర చెయ్యాలి. నచ్చితే సొమ్ము వస్తుంది, నచ్చకపోతే రాయి తిరిగొస్తుంది. రాసుకోవడాలూ సంతకాలూ ఉండవు. అడిగితే తప్పుపడతారు కూడా.

"ఎవరి మనిషివి?" అని అడిగాడు శెట్టి.

"జమాలయ్య తాత శిష్యుణ్ణి."

శెట్టి ఇంకో మాట అడగలేదు. ధర చెప్పి, పొట్లం మడిచి చేతిలో పెట్టాడు. "తీసుకపో. ఇంట్లో చూసుకోండి. తొందరేం లేదు."

ఓబులేసు ఇంటికి పోయి తలుపేసుకుని రాయికి తనకు తెలిసిన పరీక్షలన్నీ పెట్టాడు. నోటి ఆవిరి పట్టించాడు, క్షణంలో ఆరిపోయింది. గీతగీసిన కాగితం మీద పెట్టాడు, గీత కనపడలేదు. నీటిచుక్క వేశాడు, చెదరకుండా ముత్యంలా నిలబడింది. రాయికి వంక పెట్టే పనే లేదు.

అప్పుడు పట్టుకుంది వాడికి అసలు దిగులు. రాయి మంచిదైతే ఏమైంది? జేజినాయన రాయి మంచిది కాదా? అక్కడ చెడ్డది రాయి కాదు, మనిషి. ఈ శెట్టి ఎలాంటివాడో తేలకుండా వజ్రం తీసుకుపోయి నాగవేణి వేలికెలా పెట్టడం? రేపు ఎవరో ఒకడు "పావలా సరుకు రూపాయికి కొన్నావే" అంటే, వజ్రాల నేలవాణ్ణని ఆ పిల్ల ముందు ఇంకోసారి అనగలడా?

జేజినాయన రాయిని పరీక్ష చెయ్యమన్నాడు. తను ఇంకో మెట్టు పైకెక్కి శెట్టినే పరీక్ష చేద్దామనుకున్నాడు. ఆ ఆలోచన వచ్చినప్పుడు వాడికి ఎంత మురిపెం కలిగిందంటే, అద్దంలో తన మొహం చూసుకుని తలాడించాడు.

ఫ్యాన్సీ అంగడికి పోయి మెరుపురాళ్ల కమ్మలు కొన్నాడు. సరిగ్గా ఆ వజ్రమంతే ఉన్న రాయిని ఊడబీకాడు. శెట్టి ఇచ్చిన పొట్లంలో దాన్ని పెట్టి, అవే మడతల మీద మడిచాడు. వజ్రం జేబులోకి పోయింది. శెట్టి కనుక్కుంటే సరుకు తెలిసినవాడు, నమ్మొచ్చు. కనుక్కోకపోతే ఒట్టి బొమ్మ, వాడి దగ్గర గుండుసూది కూడా కొనకూడదు. ఇదీ వాడి లెక్క.

ఆ తెలివి ఒక్కడే చూసుకుంటే ఏం బాగుంటుంది? కాబోయే మామ మద్దిలేటయ్య పనిమీద గుత్తికి వస్తే ఆయన్నీ వెంటబెట్టుకుని బయల్దేరాడు. "వజ్రాలవాళ్లతో ఎట్ల మాట్లాడాలో చూద్దువు రా మామా" అన్నాడు. మద్దిలేటయ్య ముక్కుసూటి మనిషి. చెనక్కాయలు తూకం వేసేటప్పుడు కాటా రవ్వంత ఒకవైపు మొగ్గిందని సొంత తమ్ముడితోనే మాటలు మానుకున్నవాడు.

"మా మామ, పిల్ల నాయన" అని చెప్పి ఓబులేసు పొట్లం అందించాడు. శెట్టి పొట్లం విప్పాడు. రాయిని చూశాడు. తలెత్తి ఓబులేసును చూశాడు. తర్వాత పక్కనున్న మద్దిలేటయ్యను చూశాడు. నిదానంగా మళ్లీ మడతలు పెట్టాడు. పొట్లాన్ని మిగతా పొట్లాలుండే పెట్టెలో పెట్టలేదు, వెనక్కి తిరిగి లక్ష్మీదేవి పటం ముందు పెట్టాడు.

"నచ్చలేదా నాయనా?"

"ఆలోచించుకుంటా, శెట్టీ."

"ఆలోచించుకో. మంచిదే." మద్దిలేటయ్య వైపు తిరిగి నవ్వాడు. "అల్లుడితో వచ్చినారు. కూర్చోండి, కాఫీ తెప్పిస్తా."

మామకు అదంతా మామూలుగానే కనిపించింది. కాఫీ తాగి బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం పాలగ్లాసు పట్టుకుని తాత పంచకు వచ్చేసరికి ఓబులేసు నేల మీద నడవడం లేదు. అందరూ వెళ్లిపోయి తాత ఒక్కడే ఉన్నాడు. ఒళ్లో పిల్లి, దాని పేరు సుల్తానా. ఓబులేసు గ్లాసు చేతికిచ్చి, కథంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. చెబుతూ చెబుతూ జేబులోంచి వజ్రం తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"చూడు తాతా, శెట్టి రాయి నా చేతిలో ఉండాది. కమ్మరాయి పోయి లక్ష్మీదేవి ముందర కూర్చునింది! అంత పేరున్న శెట్టి, విప్పి చూసి కూడా కనుక్కోలేకపోయె. మా జేజినాయన ఊరికే అన్లేదు. మనిషి మొహం చూడగూడదు."

తాత వజ్రం వైపు చూడలేదు.

గ్లాసు మీది మూత తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. సాయంత్రం వెలుగు పడేవైపు తిరిగి గ్లాసును ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి పరకాయించాడు. చిటికెన వేలు ముంచి, వేళ్ల మధ్య రాసి చూశాడు. తర్వాత మట్టిమూకుడు ముందుకు లాక్కుని కాసిని పాలు వంచి, పిల్లిని కిందికి దించాడు.

సుల్తానా గతికింది. తాత మోకాళ్లు చుట్టుకుని కూర్చుని దాన్నే చూస్తున్నాడు. అది తాగి, మూతి తుడుచుకుని, ఒళ్లు విరుచుకుంది. అయినా తాత చూస్తూనే ఉన్నాడు.

ఓబులేసుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం మాడిపోయింది. ఇన్నేళ్లు తన చేతి పాలు తాగినవాడు, తనను తల్లిలాగా తండ్రిలాగా చూసుకున్నవాడు! వాడికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"తాతా! ఏంది తాతా ఇది? నా చేతి పాలు పిల్లికి పోసి చూస్తావా?"

"పాలు కదప్పా," అన్నాడు తాత. "మనిషి మొహం చూడగూడదంటివే."

తాత గ్లాసు మీద మళ్లీ మూత పెట్టి పక్కకు జరిపాడు. పిల్లి వీపు నిమురుతూ అడిగాడు.

"ఆ శెట్టి నీకు రాయి ఎవరి పేరు మీద ఇచ్చినాడు?"

ఓబులేసు అరచేతిలోని వజ్రం మీద గుప్పిట మూసుకుంది. పొద్దున్నుంచి అది జేబులో ఉన్నా బరువనిపించలేదు. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లేచాడు. చెప్పులు కూడా తొడుక్కోకుండా బజారు దారి పట్టాడు.

శెట్టి దీపం పెట్టి, బేరం లేక ఒక్కడే కూర్చుని ఉన్నాడు. రొప్పుకుంటూ వచ్చిన ఓబులేసును చూసి కుర్చీ చూపించాడు. ఓబులేసు కూర్చోలేదు. గుప్పిట విప్పి రాయిని తెల్లకాగితం మీద పెట్టాడు.

"శెట్టిగారూ, ఇది మీ రాయి."

శెట్టి వెనక్కి తిరిగి పటం ముందున్న పొట్లం తెచ్చి, దాని పక్కన పెట్టాడు.

"ఇది నీ రాయి."

"మీకు తెలిసిపోయిందా?"

"విప్పుతానే తెలిసింది."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు? నన్ను పట్టుకుని కొట్టాల్సింది కదా!"

"మీ మామ పక్కనుండె కదప్పా." శెట్టి గొంతు ఎప్పటిలాగే ఉంది. "రాయి పోతే నాది పోతుంది. పిల్ల పోతే నీది పోతుంది. ఏది పెద్దదో చూసుకుని నోరు మూసుకున్నా."

కాటా మొగ్గినందుకే తమ్ముణ్ణి వదిలేసిన మనిషి మద్దిలేటయ్య. ఆయన ముందు ఆ పొట్లం గుట్టు బయటపడి ఉంటే? దొంగ అల్లుడని వాకిట్లోంచే వెనక్కి పంపేవాడు. నాగవేణి నవ్వు కళ్ల ముందు కదిలింది.

"నేను మళ్లీ రాకపోయుంటే?"

"మా అబ్బ కాలం నించి ఇంటికి పంపిన రాయి ఈ కొట్టుకు తిరిగి రాకుండా పోలేదు. ఆ మాట ఈ బజారులో ఎవరి ముందరైనా తలెత్తి చెప్తా." శెట్టి నడుం కొంచెం నిటారైంది. అప్పుడు మొదటిసారి ఆ మెత్తని మనిషిలో రోషం కనపడింది. "ఇదొక్కటి పోయిందేమో, ఇంక ఆ మాట చెప్పలేనేమో అని, దీపం పెడతా అమ్మవారికి చెప్పుకుంటి. జమాలయ్య తాత పేరు మీద ఇచ్చినా. పోయి ఆయన్ను అడుగుతానా? చచ్చినా అడగను."

ఓబులేసు తల దించుకుని, "నేను పరీక్ష చేద్దామని..." అని నసిగాడు.

"చెయ్. ఎవరొద్దన్నారు?" శెట్టి గూట్లోంచి భూతద్దం తీసి వాడి ముందు పెట్టాడు, దీపం దగ్గరికి జరిపాడు. "చూసుకోకుండా కొనమని నేను చెప్పను. నా కొట్లో ఎంతసేపైనా చూడు, ఇంకో నలుగురికి చూపించు, అడ్డమైన ప్రశ్నలూ అడుగు. చూపించడానికే కూర్చున్నా. కానీ నా ముందర చూడప్పా. చాటుగా కాదు."

ఈసారి ఓబులేసు అద్దం తీసుకున్నాడు. అద్దం పట్టుకోవడం కూడా రాలేదు వాడికి. శెట్టి వేళ్లు సరిచేసి, కంటికి దగ్గరగా పెట్టించాడు. రాయి లోపల వెలుగు విరిగి విరిగి కనపడింది. ఒక మూల, నలకంత నల్లమచ్చ.

"మచ్చ కనపడిందా?"

"కనపడింది."

"అందుకే ఆ ధరకు వస్తాండాది. లేకుంటే అది నీకూ అందదు, నా దగ్గరికీ రాదు. మొన్ననే చూపిద్దామనుకున్నా. నువ్వు అద్దమొద్దంటివి."

రాళ్లదొడ్డి మనిషి ఆ మచ్చను చాలాసేపు చూశాడు. ఆవిరికీ నీటిచుక్కకూ అందనిది, అడిగితే చెప్పేవాడు ఎదురుగా కూర్చుని ఉండగా తాను అడగనిది. అద్దం కింద పెట్టి కమ్మరాయి తీసి జేబులో వేసుకున్నాడు.

"మామకు నేనే చెప్తా."

"చెప్పు. ముందు పిల్లకు చెప్పు. ఆమె నవ్విందనుకో, మామను ఆమే చూసుకుంటుంది."

ఓబులేసుకు ఆ పరిస్థితిలోనూ నవ్వొచ్చింది. దణ్ణం పెట్టి గడప దాటబోయాడు.

"ఆగప్పా." శెట్టి వజ్రాన్ని తాజా కాగితంలో పెట్టి మడిచాడు, ఒక మడత, రెండో మడత, మూలలు లోపలికి. లేచి వచ్చి వాడి చేతిలో పెట్టాడు. "ఇంటికి తీసుకపోయి ఆ పిల్లకు చూపించు. మచ్చ కూడా చూపించు. ఈ అద్దం గూడా తీసుకపో."

"మళ్లీ ఇస్తాండారా? నాకా?"

"మొన్న తాత పేరు మీద ఇచ్చినా," అన్నాడు శెట్టి. "ఇది నీ పేరు మీద."

బజారంతా ఓబులేసు తలెత్తుకునే నడిచాడు. ఎప్పుడూ అలాగే నడుస్తాడు, కానీ ఆ సాయంత్రం ఎదురొచ్చినవాళ్లకు దారిచ్చి నడిచాడు. ఒక చేతిలో అద్దం. ఇంకో చెయ్యి పొట్లం ఉన్న జేబు మీదనే ఉంది. జేజినాయన బతికి ఉంటే ఈ పొట్లం చూపించి ఉండేవాణ్ణి కదా అనుకున్నాడు. చీటీ రాయించుకోకుండా, పైసా పుచ్చుకోకుండా, ఒక శెట్టి తన మనవడి పేరు మీద వజ్రం ఇచ్చాడని తెలిస్తే ఆ ముసలాయన ఏమనేవాడో!

తాత అలాగే కూర్చుని ఉన్నాడు. పాలగ్లాసు పెట్టినచోటే ఉంది. ఓబులేసు పొట్లం తీసి తాత పాదాల దగ్గర పెట్టి, కాస్త దూరంగా కూర్చున్నాడు.

"మళ్లీ ఇచ్చినాడు తాతా."

"ఎవరి పేరు మీద?"

"నా పేరు మీద."

తాత మొహం వెలిగింది. పిల్లి ఒళ్లోంచి దిగిపోయినా గమనించలేదు. చెయ్యి చాచి గ్లాసు అందుకున్నాడు.

ఓబులేసు గబుక్కున లేచాడు. "చల్లారిపోయినాయి తాతా, మీగడ కట్టింటుంది. ఇట్లియ్యి, వేడి చేసి తెస్తా."

"ఉండనీలే," అన్నాడు తాత. "నీ చేతివే కదా."

మూత తీసి, చూడకుండా, గటగటా తాగేశాడు.